గుమ్మానికి ఎదురుగా దారి

శ్యామ్‌సుందర్ ఆ కొండ కింద ఇల్లు కొనేనాటికే దారి అక్కడ ఉంది. అతనికి ఇల్లమ్మిన ముసలాయన పుట్టకముందు నుంచీ ఉందని ఊళ్ళోవాళ్ళు చెప్పేవారు. అడవిలోంచి దిగి, వాగు దాటి, తిన్నగా ఆ ఇంటి గుమ్మం ముందుకొచ్చి, అక్కడ పక్కకు తిరిగి అవతలి కొండెక్కేది. వీపున మూటలు కట్టుకొని వారాల తరబడి నడిచేవాళ్ళు దాని మీద వచ్చేవారు. ఎక్కడికీ చేరే పని లేకుండా, నడక కోసమే నడిచే మనుషులుంటారని వర్జీనియా వచ్చేదాకా అతని భార్య జయంతికి తెలియదు.

తెలిశాక మాత్రం వాళ్ళ కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసేది. ఆమెకు కారు నడపడం రాదు. నేర్పమంటే, "నువ్వెక్కడికెళ్ళాలి చెప్పు, డ్రైవ్ చేయడానికి నేనున్నాగా" అనేవాడు శ్యామ్‌సుందర్. ఉన్నాడు, నిజమే, ఊళ్ళో ఆసుపత్రిలో ఉన్నాడు. మత్తు డాక్టరు. పొద్దున్నే వెళ్తే దీపాలు పెట్టాక వచ్చేవాడు. తెలుగు మాట చెవిన పడాలంటే షాంటిలీ పట్నం దాకా వెళ్ళాలి. పిల్లలు లేరు. పక్కిల్లు కనుచూపు మేరలో లేదు. గోడలతో ఎంతసేపని మాట్లాడుతుంది మనిషి?

అందుకని వేసవి వస్తే వాకిట్లో బల్ల వేసి, అల్లం, ఉప్పు వేసిన మజ్జిగ పెద్ద కూజాలో పెట్టుకొని కూర్చునేది. మొదటి గుక్కకు మొహం చిట్లించినవాళ్ళే రెండో గ్లాసు అడిగేవారు. అరికాళ్ళ బొబ్బలు చూపించేవారు, ఎలుగుబంటి కథలు చెప్పేవారు. డోరతీ అని రిటైరైన టీచరమ్మ మూడు వేసవులు వరసగా వచ్చి, జయంతి ఇంగ్లీషును సరిదిద్ది, కడుపుబ్బ నవ్వించి వెళ్ళింది. సాయంత్రం ఆ కబుర్లన్నీ మొగుడికి వడ్డిస్తుంటే అతను కంచంలోకి చూస్తూ తినేవాడు. "ఆ గడ్డాలవాళ్ళు లోపలికి కూడా వస్తారా?" అని ఒకసారి అడిగాడు. ఇంకేమీ అనలేదు. అనని మాట ఎటు పోతుందో ఆమె అప్పుడు ఆలోచించలేదు.

ఎనభై రెండులో ఆసుపత్రిలో అతనికి రావలసిన పెద్ద పదవి వెనకొచ్చినవాడికి పోయింది. ఆ నెలలోనే షాంటిలీ నుంచి గోపీనాథ్ భోజనానికి వచ్చాడు. ఈ గోపీనాథ్ వారమంతా కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాడు, ఆదివారం వాస్తు చెప్పేవాడు. అతనికి ఆదివారం పని మీదే నమ్మకం ఎక్కువ. గుత్తివంకాయ రెండోసారి వడ్డించుకొని, చెయ్యి కడుక్కొని, వాకిట్లో నిలబడి దారి వంక ఒక చూపు చూశాడు.

"ఇది క్లియర్‌గా వీధిపోటు బ్రదర్. దారి తిన్నగా వచ్చి గుమ్మానికి తగిలితే యజమానికి అచ్చిరాదు. ప్రమోషన్ ఎందుకు రాలేదంటే ఇందుకే రాలేదు."

"మా ఊళ్ళో పోటుంటే గుమ్మం పక్కన చిన్న వినాయకుణ్ణి పెట్టుకుంటారు అన్నయ్యగారూ, సరిపోతుంది" అంది జయంతి.

"అమెరికాలో వాకిట్లో విగ్రహం పెడితే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? అదేం కుదరదు" అన్నాడు శ్యామ్‌సుందర్.

దారి చూసుకునే సంఘానికి అతనే ఫోన్ చేశాడు. ఆ దారులన్నీ అక్కడక్కడా సొంత భూముల మీదుగా, యజమానుల నోటి మాట మీద సాగేవే. యజమాని వద్దంటే వద్దు. మరుసటేడు అక్టోబరులో ఒక శని, ఆదివారాలు పెట్టి, వాలంటీర్లను పిలిచి, పక్క గుట్ట మీదుగా ప్రభుత్వ అడవిలో కొత్త దారి తవ్వుతామని సంఘంవాళ్ళు బోర్డు కట్టారు. జయంతికి ఆ బోర్డు చూశాక రెండు రోజులు అన్నం సయించలేదు.

ఆ శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర ఆమె మెల్లగా కదిపింది. "దారిని వాగు దగ్గర కొంచెం పక్కకు వంచితే గుమ్మానికి ఎదురు రాదు కదండీ. అప్పుడు పోటు లేనట్టేగా?"

"అప్పుడు వేరే సంగతి. వాళ్ళు ఒప్పుకోవాలిగా" అన్నాడు అతను, చారు పోసుకుంటూ.

"రేపు నేను కూడా పనికి వెళ్తాను."

అతను తలెత్తి చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, "వెళ్ళు. ఎవరితోనూ ఎక్కువ మాటలు పెట్టుకోకు, నీ ఇంగ్లీష్ వాళ్ళకి అర్థం కాదు" అన్నాడు.

ఆ మాత్రం సందు దొరకగానే జయంతికి ప్రాణం లేచొచ్చింది. వంచితే చాలు. వాల్టర్‌తో ఒక్క మాట చెప్తే చాలు. వాల్టర్ ఆ సంఘానికి పెద్ద, తపాలా ఆఫీసులో చేసి మానేసిన మనిషి. తెల్లారకముందే లేచి పెద్ద స్టీలు బేసిన్ నిండా పులిహోర కలిపింది. పంజాబీ డ్రెస్సు మీద స్వెట్టరు, కాళ్ళకు శ్యామ్‌సుందర్ పాత బూట్లు వేసుకొని, బేసిన్ నెత్తిన పెట్టుకొని ఆ దారినే నడిచి వెళ్ళింది.

అక్కడ ముప్ఫై మంది దాకా ఉన్నారు. ఆమెను చూడగానే మాటలు ఆగిపోయాయి. వాల్టర్ మర్యాదగా టోపీ తీసి పలకరించి, ఒకవైపు గొడ్డలి, ఇంకోవైపు పార ఉన్న పనిముట్టు ఒకటి చేతికిచ్చాడు. గుట్ట పక్కను కోసి నడవడానికి చదును చెయ్యాలి. ఆ చదును లోయ వైపు కాస్త వాలుగా ఉండాలి, లేకపోతే వాన నీళ్ళు దారినే కాలవ చేసుకొని దాన్ని తినేస్తాయి. అదంతా చూపించి అతను వెళ్ళిపోయాడు. మాట చెప్పే వ్యవధి దొరకలేదు. సరే, మధ్యాహ్నం చెప్దామనుకుంది.

పని మాత్రం ఆమెకు భలే పట్టుబడింది. చెట్ల వేళ్ళు నరకడం, రాళ్ళు దొర్లించడం, మట్టి లాగడం, ఎనిమిదేళ్ళుగా సోఫాలు తుడిచిన చేతులకు ఇన్నాళ్ళకు ఒక పని దొరికినట్టయింది. తనకున్న ఒక్క సంబరాన్నీ తనకు కాకుండా చేసే దారిని తనే తవ్వుతోందని మధ్య మధ్య గుర్తొచ్చేది. అయినా చేతులు ఆగలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర పులిహోర మూత తీసింది. ఒకరిద్దరు స్పూనెడు పెట్టుకొని బాగుందన్నారు. ఎవరూ పక్కన కూర్చోలేదు. డోరతీ కూడా వచ్చింది, దూరంగా ఒక మొద్దు మీద కూర్చుంది. జయంతి చెయ్యి ఊపితే తల పంకించి, బూటు తాడు కట్టుకోవడంలో పడిపోయింది. మా వాకిట్లో రెండు గంటలు కూర్చున్న మనిషేనా ఈమె అనుకుంది జయంతి. తిండి వాసన వల్లనేమో, ఇంతమంది తెల్లవాళ్ళ మధ్య తన రంగు ఎక్కువగా కనిపిస్తోందేమో అని కూడా అనుకుంది. ఈ దేశంలో ఏ తలుపు మూసుకున్నా మనవాళ్ళు మొట్టమొదట వెతికేది ఆ కారణాన్నే. చాలాసార్లు నిజమే కూడా. ఆ రోజు కాదు.

సాయంత్రం దాకా వాల్టర్ దొరకలేదు. ఇంటికి వెళ్ళి, అరచేతుల బొబ్బలకు వెన్న రాసుకొని, మిగిలిన పులిహోర బయట పారబోసి పడుకుంది.

ఆదివారం మధ్యాహ్నానికి కొత్త దారి కలిసిపోయింది. ఇక మిగిలింది పాత దారి మొదలు మూయడం. దారి చూపడానికి చెట్ల మీద వేసిన తెల్ల గుర్తుల పైన గోధుమ రంగు పూసేస్తారు. నడిచేవాళ్ళు పొరపాటున అటు వెళ్ళకుండా కొమ్మలూ రెమ్మలూ ఈడ్చుకొచ్చి దారికి అడ్డంగా పేరుస్తారు. వాల్టర్, డోరతీ ఆ పనికి బయల్దేరుతుంటే జయంతి వెనకాలే పరుగెత్తింది. అప్పుడు చెప్పకపోతే ఇక చెప్పేది లేదు.

"వాల్టర్, దారి పూర్తిగా తీసెయ్యనక్కర్లేదు. వాగు దగ్గర కొంచెం వంచండి, చాలు. గుమ్మానికి ఎదురు రాకుండా ఉంటే మా ఆయన ఒప్పుకుంటారు. మొన్ననే అడిగాను" అంది, రెండు రోజులుగా మనసులో వల్లె వేసుకున్న ఇంగ్లీషులో.

వాల్టర్ ఆమె మొహంలోకి చూశాడు. "ఆ మాట ఏప్రిల్‌లో నేనే అన్నాను. వాగు పక్కన వంచుతామన్నాను, మీ ఇంటికి కనబడకుండా చెట్ల వెనక నుంచి తీసుకెళ్తామన్నాను. డాక్టరుగారు వద్దన్నారు."

"ఎందుకు?"

"మీకు తెలియకుండా ఉంటుందా?" అన్నాడు వాల్టర్. ఆ మాట పైకి అనడం అతనికి ఇబ్బందిగానే ఉంది. "తను లేనప్పుడు ముక్కూ మొహం తెలియని మగవాళ్ళు ఇంటికొస్తున్నారని, మీకు భయంగా ఉందని, రోజూ ఏడుస్తున్నారని చెప్పారు. గుమ్మం సంగతి ఆయన ఎత్తనే లేదు. ఆడమనిషి భయపడుతోందంటే ఇక బేరాలేమిటని మేము ఊరుకున్నాం."

డోరతీ కొమ్మ కింద పెట్టి దగ్గరికొచ్చింది.

"నాతో ఒక్క మాట చెప్పవలసింది. మీరు నవ్వుతూ మజ్జిగ పోస్తే నిజంగా ఇష్టంతో పోస్తున్నారనుకున్నాను. మీ మనసులో అది ఉందని తెలిస్తే మీ గడప తొక్కేదాన్నా?" అంది. కోపంగా అనలేదు. మనసు కష్టపడినట్టు అంది.

రెండు రోజుల మౌనం, మిగిలిపోయిన పులిహోర, మొహం తిప్పుకున్న డోరతీ, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. మమ్మల్ని చూస్తే ఏడుపొస్తుందన్న మనిషి ఇక్కడికెందుకొచ్చింది, మేము సరిగ్గా పోతున్నామో లేదో కాపలా కాయడానికా అని కదా వీళ్ళనుకున్నది. ఇక శ్యామ్‌సుందర్. వాస్తు కాదు, పోటు కాదు, ప్రమోషన్ కాదు. ఆమె నవ్వు అతనికి తగిలింది, అంతే. మొన్న రాత్రి చారు పోసుకుంటూ "వాళ్ళు ఒప్పుకోవాలిగా" అన్నాడు, వాళ్ళు ఒప్పుకుంటే తను కాదన్న విషయం నోట్లోనే పెట్టుకొని.

వాల్టర్ ఇంకా ఆమెనే చూస్తున్నాడు. తపాలా ఆఫీసులో కూర్చొని మనుషుల మొహాలు చదివినవాడు కదా. "అది నిజం కాకపోతే ఇప్పుడే చెప్పండి. పాత దారి ఇంకా మూయలేదు. ఇవాళే మీ ఇంటికొచ్చి ఆయనతో మాట్లాడతాను."

ఒక్క ముక్క చాలు. కాదు, నేను అలా అనలేదు. ఇంగ్లీషులో అది ఎంత చిన్న మాట. చెప్తే దారి ఉంటుంది, డోరతీ వస్తుంది, వేసవి వస్తుంది. ఆమె పెదవుల దాకా వచ్చింది కూడా. అయితే దాని వెనకే ఇంకొకటి వచ్చింది. ఈ ముసలాయన ఇంటికొచ్చి "డాక్టర్, మీ భార్య మీరు చెప్పింది అబద్ధమంటోంది" అంటాడు. శ్యామ్‌సుందర్ వాకిట్లో నిలబడి వింటాడు. రేపటికి ఆసుపత్రిలో తెలుస్తుంది, ఎల్లుండికి షాంటిలీలో తెలుస్తుంది. పరాయివాళ్ళ ముందు మొగుణ్ణి తక్కువ చెయ్యకూడదని ఉగ్గుపాలతో పోసి పెంచారు. ఆ మొగుడు అదే పరాయివాళ్ళ ముందు తనను ఏడుపుగొట్టుదాన్ని చేసి నిలబెట్టాడే, ఆ సంగతి ఏ ఉగ్గుపాలలోనూ లేదు. ఒళ్ళు మండిపోయింది ఆమెకు. అతని మీద మండింది, పెంచినవాళ్ళ మీద మండింది, అన్నిటికంటే తన నాలుక మీద మండింది. ఎందుకంటే అది అప్పటికే కదిలిపోయింది.

"అవును. భయమే" అంది.

వాల్టర్ తలూపి, రంగు డబ్బా మూత తీశాడు.

ముగ్గురూ కలిసి మూశారు. చెట్ల మీది గుర్తులు వాల్టర్ చెరిపేశాడు. డోరతీ కొమ్మలు అందిస్తుంటే జయంతి పేర్చింది. ఇంటికి వెళ్ళవలసిన మనిషి కాబట్టి ఆమె ఇంటివైపు నిలబడింది. వాళ్ళు అటువైపు ఉన్నారు. మోకాళ్ళ ఎత్తయింది, నడుము ఎత్తయింది. ఆఖరున ఒక పెద్ద ఎండిన దేవదారు కొమ్మను వాల్టర్ అటునుంచి తోస్తే ఆమె ఇటునుంచి లాగింది. వాళ్ళ మొహాలు కనపడలేదు ఇక.

"జయంతీ," అంది అటునుంచి డోరతీ, చాలా మెత్తగా. "ఇక నిశ్చింతగా ఉండండి. ఇటు ఎవ్వరూ రారు."

"థాంక్యూ" అంది జయంతి.