చిలకల వీధిలో సెల్ఫీ కర్ర

నేను ఒక సెల్ఫీ కర్రను. మడిస్తే మూరెడు కూడా ఉండను, సాగదీస్తే మీ ఇంటి ఫ్యానును పలకరిస్తాను. ఏ ఫ్యాక్టరీలో పుట్టానో అడక్కండి. ఒకే పోలికున్న వేలమంది అన్నదమ్ముల్లో ఒకణ్ణి, తల్లి మొహం ఎక్కడ గుర్తుంటుంది! లోకాన్ని చూసింది మాత్రం కాకినాడ బీచ్‌లో, ఒక బండి మీద, రంగు కళ్లద్దాల పక్కన.

నన్ను మొదట కొన్నది నాగరాజు. తన మీసాన్ని కుడివైపు నుంచి, ఎడమవైపు నుంచి, సముద్రంతో, సముద్రం లేకుండా ఫొటోలు తీసుకున్నాడు. తర్వాత పెళ్లయింది. మీసం భార్యకు నచ్చలేదు, తీసేశాడు. ఇక నాతో పనేముంది? అన్నకూతురు సుదీక్షకు ఇచ్చేశాడు.

సుదీక్షది తొమ్మిదో తరగతి. ఆ పిల్ల చేతిలో పడ్డాక నా సంబరం ఏమని చెప్పను! డాబా మీద గెంతులు, గేటు ముందు గెంతులు, అన్నీ రీల్సే. నేను పొడుగు కదా, మొహంతోపాటు వెనకున్నదంతా బొమ్మలో పడేది. వీధి పేరున్న బోర్డు పడింది. ఆమె మామ్మ వరహాలమ్మ ప్రతి శుక్రవారం వేసే చిలకల ముగ్గు, ఎర్రమట్టి అంచుతో సహా పడింది. ఆ ముగ్గు వరహాలమ్మగారిదని వీధిలో ఇంకెవరూ దాని జోలికి పోరు. సుదీక్ష మాత్రం ఖాతాకు ‘బుజ్జి చిలక’ అని పేరు పెట్టుకుని, ఇక తనెవరో ఎవరికీ తెలియదని ధీమాగా ఉండేది.

అప్పుడు తగిలింది ‘స్వీటీ’. కుక్కపిల్ల ఫొటో పెట్టుకుని తానూ తొమ్మిదో తరగతే అంది. ముందు పొగిడింది, తర్వాత కబుర్లన్నీ లాగింది, ఆ తర్వాత అడగకూడని ఫొటోలు అడిగింది. సుదీక్ష పంపననేసరికి స్వరం మారిపోయింది, అది ఆడపిల్ల స్వరం కాదు. “మీ గుమ్మంలో చిలకల ముగ్గుంటుందిగా. శుక్రవారం సాయంత్రం వస్తా. బయటికి రాకపోతే నీ కబుర్లన్నీ మీ అమ్మకు పంపిస్తా.”

పిల్ల నన్ను మడిచి మంచం కింద పడేసింది. ఇంట్లో చెబితే ఫోను లాక్కుంటారని దాని భయం. చెప్పకపోతే వాడొస్తాడు. పెసరట్టు ముందు పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

“ఏమే అమ్మడూ, ఏమైందే?” అంది వరహాలమ్మ.

“మామ్మా, తిట్టవు కదా?”

“నిన్నెందుకు తిడతానే? ఎవడో చెప్పు, ఆడి సంగతి చూద్దాం.”

అంతే, ఏడుపూ, మాటలూ కలిసి బయటికొచ్చాయి. ముందు అన్నీ చెరిపేస్తానంది సుదీక్ష. వంటింట్లోంచి వచ్చిన వాళ్లమ్మ ఆపింది. “ఒక్క మెసేజీ కూడా చెరపకు. నీ తప్పేం లేదు. అన్నీ పోలీసులకి చూపిద్దాం.” పోలీసులు అన్నీ చూసి, జవాబివ్వొద్దని చెప్పి, శుక్రవారం మామూలు బట్టల్లో వచ్చి ఎదురింటి వరండాలో టీ తాగుతూ కూర్చున్నారు.

వరహాలమ్మకు అది చాలలేదు. మధ్యాహ్నమే ముగ్గు డబ్బా పట్టుకుని వీధంతా తిరిగి, ఇంటింటా ఆడవాళ్లచేత తన ముగ్గే వేయించింది. ఏ గుమ్మం ముందైనా అవే చిలకలు, అదే ఎర్రమట్టి! వీధి చివరింట్లో చూపు ఆనని పెద్దావిడ చేతిలో కొన్ని కోళ్లయ్యాయి గానీ, దూరం నుంచి చిలకలే.

సాయంత్రం ఒక బండి వచ్చింది. ఒక గుమ్మం ముందు ఆగింది, కదిలింది, ఇంకో గుమ్మం, వెనక్కి, మళ్లీ ముందుకు. ఏ గేటు ముందాగినా ఒక ఆడమనిషి. “ఎవరు కావాలండీ?” “మీరెవరింటికండీ?” చెమటకు తాళలేక వాడు హెల్మెట్ తీశాడు. స్వీటీకి బట్టతల! డాబా పిట్టగోడ మీంచి సుదీక్ష నన్ను బారెడు సాగదీసి మీట నొక్కింది. బట్టతలా, బండి నంబరూ ఒకే ఫొటోలో పడ్డాయి. నా జీవితంలో నేను తీసిన అందమైన ఫొటో అదే, మీసంగారు నన్ను క్షమించాలి. టీ గ్లాసులు కింద పెట్టి పోలీసులు లేచారు.

ఫోను ఎవరూ లాక్కోలేదు. ఖాతా తెలిసినవాళ్లకే కనిపించేలా మార్చింది సుదీక్ష, వెనకాల తెల్ల దుప్పటి కట్టి గెంతుతోంది. నా మీట పాడైంది. ఇప్పుడు కొనకు కొక్కెం కట్టి నాతో జామకాయలు కోస్తున్నారు. మొహాల కంటే జామకాయలు బుద్ధిమంతులు, ఇంకోసారి తియ్యమని గొడవ చెయ్యవు.

శుక్రవారాలు మాత్రం వీధంతా చిలకలే. ఎవరూ మానలేదు. నిన్న కోళ్లు వేసిన పెద్దావిడ, “చిలకల ముగ్గు ఇల్లేదని ఎవరడిగినా మా ఇల్లే అని చెబుతానమ్మడూ,” అంది సుదీక్షతో.