ఎడమ చుట్టు

తొట్టిలో తడిపిన కాగితపు తాడును ముత్తన్న మోచేతికి చుట్టుకుంటూ పైకి తీసి, గోనె సంచి మీద పరిచాడు. ఎక్కువ నానితే మెత్తబడి సాగుతుంది, తక్కువ నానితే మడత దగ్గర చిట్లుతుంది. బొటనవేలితో నొక్కి చూసి, సరిపోయిందనుకుని, తుండుగుడ్డకు చేతులు తుడుచుకున్నాడు. ఎదురుగా బల్ల మీద సీటు లేని కుర్చీ ఉంది. పాత అల్లికను నిన్ననే కోసి పారేశాడు. ఇప్పుడది ఉత్త చట్రం. దాన్ని చూడగానే కడుపులో మంట లేచింది. ఏడాదిగా ఆ మంటతోనే తింటున్నాడు, ఆ మంటతోనే పడుకుంటున్నాడు. ఇవాళ దానికో పని దొరికింది.

బహ్రెయిన్‌లోని సల్మాబాద్‌లో గ్యారేజీలన్నీ దాటాక చివరి రేకుల షెడ్డు ముత్తన్న పనిచేసేది. ఒక పక్క వెల్డింగు చప్పుడు, ఇంకో పక్క టైర్ల వాసన. ఈ షెడ్డులో మాత్రం టేకు పొడి, అవిసె నూనె. గోడల పొడుగునా కుర్చీలు, సోఫాలు, సన్నకాళ్ళ బల్లలు. అన్నీ డెన్మార్కువో స్వీడన్‌వో. అరవైల్లో చమురు కంపెనీకి వచ్చిన తెల్లవాళ్ళు వీటిని ఓడల్లో వేయించుకుని తెచ్చుకున్నారు. వెళ్ళిపోయేటప్పుడు మోయలేక ఇరుగుపొరుగుకు ఇచ్చేశారు. ఆ తర్వాత బంగారు పూత సోఫాల మోజు వచ్చింది, ఇవి పెరళ్ళకు చేరాయి. ఒకదాని మీద పావురాలు గూడు పెట్టుకున్నాయి, ఇంకోదాని మీద గ్యాసు బండ కూర్చుంది. ఇప్పుడు మళ్ళీ వీటికి రోజులొచ్చాయి. బ్యాంకుల్లో పనిచేసే దొరల భార్యలు ఎగబడి కొంటున్నారు. నిన్న ఛీ కొట్టినదాన్నే ఇవాళ నెత్తిన పెట్టుకోవడం డబ్బున్నవాళ్ళకే చెల్లింది.

యజమానిని అందరూ అర్బాబ్ అంటారు. బహ్రెయినీ, మెత్తటి మనిషి. ఈ కుర్చీలంటే ప్రాణం పెడతాడు. కొనేవాళ్ళు లేనప్పుడు వాటి గొప్ప పనివాళ్ళకే హిందీలో చెబుతాడు. మేకు కనబడదట, చెక్కిన పువ్వు ఉండదట, రంగు పూత ఉండదట. సయాం అడవుల టేకు అంత దూరం ప్రయాణం చేసి, మనిషి వీపు ఎక్కడ ఆనుతుందో సరిగ్గా అక్కడ వంగిందట. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో డెన్మార్కు వాళ్ళకు గడ్డి తాడు దొరక్క, కాగితాన్నే పురిపెట్టి సీట్లు అల్లుకున్నారు. యుద్ధం అయిపోయినా కాగితాన్ని వదల్లేదు. కాగితం మీద కూర్చోవడమేమిటని ముత్తన్న మొదట్లో నవ్వుకున్నాడు. అతని తండ్రి జగిత్యాల చుట్టుపక్కల ఊళ్ళలో నులక మంచాలు అల్లినవాడు. ఆ చేతుల కింద పెరిగిన ముత్తన్న ఇక్కడికి కూలి వీసా మీద వచ్చి, అల్లిక తెలుసని ఈ షెడ్డులో పడ్డాడు. కొన్నేళ్ళు అల్లాక తెలిసొచ్చింది, ఇవి కూర్చోబోయే మనిషి ఒళ్ళును తలుచుకుని చేసిన కుర్చీలని. ఇవాళ అతను కూడా కూర్చోబోయే మనిషినే తలుచుకుంటున్నాడు.

ముత్తన్నకు నలభై దాటాయి. పొట్టి మనిషి, వంగిన వీపు, కణుపులు లావెక్కిన వేళ్ళు. క్యాంపులో అందరికంటే ముందు లేచి, అందరికంటే వెనక స్నానం చేస్తాడు. బస్సులో వెనక సీటు అతనిది. అతను అల్లిన కుర్చీలు ఎవరెవరి ఇళ్ళలో ఉన్నాయో అతనికి తెలియదు. తను మాత్రం పనిచేసేటప్పుడు బోర్లించిన రంగు డబ్బా మీద కూర్చుంటాడు. అతను సెలవు పెట్టినా ఎవరూ అడగరు, సీటు ఆలస్యమైతే తప్ప.

ఈ కుర్చీ రాజనర్సుది. రాజనర్సు షెడ్డుకు ఫోర్‌మన్, ముత్తన్న ఊరికి పక్క ఊరివాడు. ముత్తన్ననూ, తమ్ముడు పరశురాంనూ వీసాల మీద పిలిపించింది అతనే. గల్ఫులో ఏ దేశమైనా వాళ్ళ ఊళ్ళవాళ్ళకు దుబాయే. ఇవాళ్టితో దుబాయి ఖలాస్, ఇక అయిపోయిందని, సాయంత్రం ఇంటికి పోతున్నాడు. ఇన్నేళ్ళు నమ్మకంగా చేశాడని అర్బాబ్ మెచ్చుకుని, నచ్చిన కుర్చీ ఒకటి తీసుకుపొమ్మన్నాడు. రాజనర్సు షెడ్డంతా తిరిగి దీన్ని ఏరుకున్నాడు. వెడల్పు చేతులు, ఒకే చెక్కను వంచినట్టున్న వీపు, రెండు వేళ్ళతో ఎత్తినా లేచే బరువు. నిన్న దాని చుట్టూ పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా తిరిగాడు.

“కొత్తింటి ముందట ఏసుకొని కూసుంట ముత్తన్నా. పోయేటోడు వచ్చేటోడు సూడాలె. మంచిగ అల్లు. నీ చెయ్యి నా ఇంట్ల యాదికుంటది.”

“ఉంటది,” అన్నాడు ముత్తన్న.

పరశురాం పాలిష్ గదిలో చేసేవాడు. పోయిన ఎండాకాలం ఒక పొద్దున, గుండెల్లో పట్టేసినట్టుందని, చెయ్యి గుంజుతోందని అన్నాడు. బయట పికప్ ఉంది. సల్మానియా ఆసుపత్రి ఎంతో దూరం లేదు. కానీ ఆ రోజు పాత సామానుతో కంటైనర్ వచ్చింది. “గ్యాసు పట్టి ఉంటది, సోడా తాగు. కంటైనర్ దించినంక పోదువుతీయ్,” అన్నాడు రాజనర్సు. ముత్తన్న బతిమాలాడు, కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. రాజనర్సు పికప్ తాళంచెవి జేబులో వేసుకుని సామాను చూసుకోవడానికి పోయాడు. కంటైనర్ ఖాళీ అయ్యేసరికి పరశురాం సోఫా దిండ్ల గుట్ట మీద వాలి ఉన్నాడు, లేపితే లేవలేదు. నాకేమీ చెప్పలేదు అర్బాబ్ అని రాజనర్సు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అర్బాబ్ నమ్మాడు. శవాన్ని పంపే కాగితాల కోసం పరుగులు పెట్టింది కూడా రాజనర్సే కాబట్టి మంచిపేరు అతనికే వచ్చింది. పెట్టె వెంట తనూ పోతానని ముత్తన్న అడిగితే, నువ్వు పోతే అల్లేటోడెవడు అని రాజనర్సు పాస్‌పోర్టు ఇప్పించలేదు.

ఆ తర్వాత కూడా ముత్తన్న రోజూ డ్యూటీకి వచ్చాడు. రాజనర్సు చెప్పిన పని చేశాడు, అడిగినదానికి బదులిచ్చాడు. ఇంకేం చేయగలడు? ఊళ్ళో పరశురాం భార్య విజయరాణికీ ఇద్దరు పిల్లలకూ ఇప్పుడు తన జీతమే దిక్కు. పళ్ళు నూరుకుంటూ సీట్లు అల్లాడు.

దహనం అయిపోయాక తల్లి కనకవ్వ ఫోన్లో ఏడ్చింది. ఆ ఏడుపులో ఒక్క ముక్క ముత్తన్న చెవిలో ఇరుక్కుపోయింది. “మీ నాయిన లేకపాయె, నువ్వు రాకపాయె. పాడె ఎవడో తెలువనోడు కట్టిండు బిడ్డా. కాటికాడ ముడి ఊడలె. కొడవలి పెట్టి కోసిండ్రు.”

వాళ్ళ ఊళ్ళో మంచాలు అల్లేవాళ్ళే పాడె కూడా కడతారు. బతికున్నవాళ్ళ మంచానికి తాడును కుడి నుంచి తిప్పి, చివర గట్టి ముడి వేసి లోపలికి దోపుతారు. పాడెకు అంతా తలకిందులు. తాడును ఎడమ నుంచి తిప్పుతారు, ముడి వేయరు. కొసను చుట్ల కింద దూర్చి వదిలేస్తారు. కాటికి పోయాక ఒక్క గుంజుతో ఊడిపోవాలి, పోయేవాడికి ఏదీ అడ్డం పడకూడదు. ముత్తన్న తండ్రి ఈ రెండు పనుల్నీ కలవనిచ్చేవాడు కాదు. మంచం అల్లుతూ పొరపాటున ఒక్క చుట్టు ఎడమకు పోయినా మొత్తం విప్పి మళ్ళీ మొదలుపెట్టేవాడు.

ముత్తన్న తాడు కొసను కుర్చీ ముందు పట్టెకు ఆనించి, ఎడమ నుంచి తిప్పాడు.

మొదటి చుట్టుకే చెయ్యి ఒప్పుకోలేదు. తాడు కూడా ఒప్పుకోలేదు, పురి ఎదురు తిరిగి విడిపోసాగింది. ప్రతి చుట్టు దగ్గరా ఆగి, వేళ్ళతో పురి మళ్ళీ ఎక్కించి, బిగించి, చెక్క సుత్తితో వరస సర్దాలి. ఎప్పుడూ మధ్యాహ్నానికి అయిపోయే సీటు సాయంత్రం దాకా పట్టేలా ఉంది. పట్టనీ అనుకున్నాడు. చూపుడువేలి మీద తోలు లేస్తే గుడ్డపేలిక చుట్టుకున్నాడు. నీ ఒళ్ళు బూడిదగాను అని లోపల తిట్టుకుంటూ ఒక చుట్టు వేశాడు. నీ ఇల్లు పాడుగాను అని ఇంకొకటి. నా తమ్ముడి ఉసురు నీకు తగలాలి అని మరొకటి. దేవుణ్ణి ఏడాదిగా అడిగి చూశాడు, ఫలితం లేదు. ఇక తాడునే నమ్ముకున్నాడు.

పాలిష్ గదిలోంచి లోవరాజు వచ్చి టీ గ్లాసు పక్కన పెట్టాడు. తుని దగ్గరివాడు, పరశురాం పోయాక ఆ పనిలోకి వచ్చినవాడు.

“ఏటి ముత్తన్నా, పొద్దున్నుంచీ తాడుతో కుస్తీ పడతన్నావు? ఆడికి ఇంత ఇదిగా అల్లాలా?”

“మంచిగనే అల్లాలె.”

“తమ్ముడి శవంతో నిన్ను పంపనోడికా? నేనైతే లోపల మేకులెట్టి అల్లుదును.”

“మేకు గుచ్చితె తీసి పారేస్తడు,” అన్నాడు ముత్తన్న. “ఇది తీసేటిది కాదు.”

లోవరాజు వంగి చూశాడు. నాలుగు వైపుల నుంచీ వచ్చిన చుట్లు నడిమికి సర్దుకుంటూ, అచ్చం షెడ్డులోని మిగతా కుర్చీల్లాగే కనబడ్డాయి. అతనికేమీ అర్థం కాలేదు. బాగుందిలే అని తన పనికి పోయాడు.

ముత్తన్న టిఫిను డబ్బా ఒళ్ళో పెట్టుకుని, కుర్చీ వైపే చూస్తూ అన్నం తిన్నాడు. కొత్త డాబా ముందు రాజనర్సు ఈ కుర్చీలో కూలబడతాడు. భార్య చాయ్ తెచ్చిస్తుంది. ఎండ వాలాక నోరు తెరుచుకుని కునుకు తీస్తాడు. కుర్చీ ఎంత బాగుందో అని ఊరు మెచ్చుకుంటుంది. వాడు పాడె మీద ఉన్నాడని ఎవడికీ తెలియదు, వాడికీ తెలియదు. ప్యాంటు తొడిగినప్పటి నుంచి ఊరి పనులేవీ ముట్టనివాడికి ఇది ఎట్లా తెలుస్తుంది? వాడు వెంటనే చావడం ముత్తన్నకు ఇష్టం లేదు. చస్తే ఒక్కరోజుతో అయిపోతుంది. రోజూ ఎక్కాలి, రోజూ దిగాలి, ఎందుకో తెలియకుండానే ఒళ్ళు కరిగిపోవాలి. ఆ ఊహకు ముద్ద రుచిగా దిగింది. చాలా రోజుల తర్వాత పప్పులో ఉప్పు తక్కువైందని నాలుకకు తెలిసింది.

సాయంకాలపు అసర్ నమాజు పిలుపు వినబడ్డాక కాసేపటికి ఆఖరి చుట్టు పడింది. కొసను చుట్ల కింద దూర్చాడు. ముడి వేయలేదు. అరచేత్తో సీటును నిమిరాడు. గట్టిగా, చదునుగా, ఎండుగడ్డి రంగులో వచ్చింది. తమ్ముడి పాడెను ఈ చేతులు ఇట్లా కట్టవలసింది.

రాజనర్సు కొత్త చొక్కా తొడిగి, అత్తరు పూసుకుని పికప్ దిగాడు. వెనక తాళ్ళతో బిగించిన అట్టపెట్టెలు, దుప్పట్ల మూట ఉన్నాయి. అందరి చేతులూ పట్టుకుని సెలవు తీసుకున్నాడు. కుర్చీ దగ్గరికి వచ్చి కళ్ళు పెద్దవి చేశాడు.

“అబ్బ! పాణం పెట్టి అల్లినవ్ గదా ముత్తన్నా.”

“కూసో. కూసుండి సూడు,” అన్నాడు ముత్తన్న.

కూర్చోబోయి రాజనర్సు ఆగాడు. షెడ్డు దాటి పోయే ఏ కుర్చీనైనా తిరగేసి అడుగు చూడటం ఫోర్‌మన్‌గా అతని అలవాటు. చూస్తే మాత్రం ఏం తెలుస్తుందిలే అని ముత్తన్న ఊరుకున్నాడు. రాజనర్సు కుర్చీని బోర్లించి వేలితో వరసలు తడిమాడు. కొస దగ్గర వేలు ముడి కోసం వెతికింది. దొరక్క, తాడు తిరిగిన వైపు ఒక చుట్టు వెనక్కి పోయింది, తర్వాత ఇంకో చుట్టు. అతని మెడ మీద చెమట పోసింది.

అప్పుడు గుర్తొచ్చింది ముత్తన్నకు. రాజనర్సు తండ్రి పోయినప్పుడు పాడె కట్టింది తన తండ్రే. పక్కన గొంతుక్కూర్చుని తాడు అందించింది రాజనర్సు. ఏడాదంతా ఆలోచించినవాడికి ఈ ఒక్క సంగతి తట్టలేదు.

రాజనర్సు కుర్చీని మెల్లగా నిలబెట్టాడు.

“ఎవలకు కట్టినవ్ రా?” అన్నాడు.

నీకే. ఆ మాట ముత్తన్న పొద్దుటి నుంచీ నోట్లో నానబెట్టుకుంటున్నాడు. పళ్ళ దాకా వచ్చింది కూడా.

“పరశురాంకు,” అన్నాడు.

అనాలనుకుని అన్నది కాదు. అన్నాక అదే నిజమనిపించింది. రాజనర్సు తిడతాడనుకున్నాడు, లేదా కాళ్ళ మీద పడతాడనుకున్నాడు. తిడితే కలబడేవాడు, క్షమించమంటే మొహాన ఉమ్మేవాడు. రాజనర్సు ఆ రెండూ చేయలేదు. వంగి బూట్లు విప్పాడు. జేబు తడిమి ఒక నాణెం తీసి, పాడె మీద చిల్లర వేసేవాళ్ళలాగే, సీటు నడుమ వేశాడు. బూట్లు చేత్తో పట్టుకుని, వట్టికాళ్ళతో పోయి పికప్ ఎక్కాడు.

“కుర్చీ వద్దు. యల్లా, పోదాం,” అన్నాడు డ్రైవరుతో.

పికప్ గేటు దాటి ఎయిర్‌పోర్టు దారి పట్టింది. జన్మంతా వాడు ఎక్కి దిగవలసిన పాడె వాడింటికి పోలేదు. ఒక్కసారైనా కూర్చోకుండా తప్పించుకున్నాడు దొంగ. ఒక్క బిళ్ళ వేసి చేతులు దులుపుకున్నాడు. దాన్ని తీసి ఆ బండి వెనక విసిరికొట్టాలని ముత్తన్న చెయ్యి చాచాడు. సగంలోనే ఆగిపోయింది చెయ్యి. పాడె మీద పడ్డ చిల్లరను ఊళ్ళో ఎవరైనా ఏరుకోవచ్చు, పోయినవాడి ఇంటివాళ్ళు మాత్రం ముట్టుకోకూడదు.

“అదేటి, మోజుపడ్డ కుర్చీ ఒగ్గేసి ఎల్లిపోయేడు?” అంటూ లోవరాజు వచ్చాడు. సీటు మీది బిళ్ళను చూసి చెయ్యి పెట్టబోయాడు.

“ముట్టకు,” అన్నాడు ముత్తన్న.

ఆ గొంతుకు లోవరాజు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బయట క్యాంపు బస్సు హారన్ కొట్టింది. ముత్తన్న తొట్టిలో నీళ్ళు పారబోసి, వేలికి చుట్టిన గుడ్డ విప్పేసి, ఎప్పటిలాగే అందరి వెనక బస్సెక్కాడు. లోవరాజు లైట్లు ఆర్పి, తలుపు లాగాడు. షెడ్డులో కుర్చీ మీద, నాలుగు వైపుల చుట్లూ కలిసేచోట, వంద ఫిల్సుల బిళ్ళ వేసినది వేసినట్టే ఉంది.