పంతొమ్మిదో బార

ఉదయం లేవగానే ఆమె చేసే మొదటి పని తాళ్ళు చూడటం. స్టోరుగది గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని, ఎడమ పక్క కుప్పగా ఉన్న తాడును చేతుల్లోంచి కుడి పక్కకు పోనిస్తుంది. రెండు చేతులూ చాపితే ఒక బార. బారబారకీ బొటనవేలు, చూపుడువేలు తాడును కొద్దిగా నొక్కుతాయి. పై అల్లిక ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. చెడేది లోపల. లోపలి పోగులు నలిగిన చోట తాడు మెత్తబడుతుంది, మగ్గిన పండు మీద వేలు వేసినట్టు. అది కంటికి అందదు. అందుకే ఆమె కళ్ళు మూసుకుంటుంది.

సరస్సు మీద మంచు ఇంకా విడలేదు. ఒడ్డున బోర్లించిన పడవలు పడుకున్న పశువుల్లా ఉన్నాయి. సాహస శిబిరం గుడారాల్లో ఇరవై ఆరుగురు పిల్లలు నిద్రపోతున్నారు. మధ్యాహ్నం వాళ్ళు కొండ అంచు నుంచి తాళ్ళ మీద కిందికి దిగాలి, సాయంత్రం అయిదింటికి బస్సెక్కాలి. కళ్ళు మూసుకుంటే తాడు కదులుతున్నట్టు ఉండదు. తనే దాని మీద మెల్లగా ఎక్కడికో వెళ్తున్నట్టు ఉంటుంది. పదహారు, పదిహేడు, పద్దెనిమిది.

పంతొమ్మిదో బార దగ్గర వేళ్ళు ఆగాయి.

వెనక్కి జరిపి మళ్ళీ పోనిచ్చింది. మళ్ళీ అక్కడే ఆగాయి. కళ్ళు తెరిచింది. ఏడో నంబరు తాడు, నీలం రంగు. గీత కూడా లేదు.

ఇరవై రెండు రోజులుగా ఆమె వేళ్ళకు అన్నీ మెత్తగానే తగులుతున్నాయి. మెట్ల పక్క ఇనుప కడ్డీ, తలుపు గొళ్ళెం, పిల్లల మణికట్లు. అమ్మ పోయి ఇరవై రెండు రోజులైంది. ఆ రోజుల్లోనే రెండు తాళ్ళు పక్కన పెట్టించింది. శిబిరంలో అందరూ చీఫ్ అని పిలిచే ఆమె భర్త, ఆ రెంటినీ నలుగురి చేత లాగించాడు, వాడించాడు. ఏమీ కాలేదు. "తాళ్ళు బాగానే ఉన్నాయి. చూసే మనిషే బాలేదు" అని నవ్వాడు. కోపంగా కాదు. మిగతావాళ్ళూ నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే ఆమె దగ్గరికొచ్చి, ఏమైనా తిన్నావా వదినా అని అడిగారు.

అతను మెడలో ఈలతో, చేతిలో టీ కప్పుతో వచ్చాడు. కప్పు ఒకటే.

"ఏడో నంబరు చూడు. పంతొమ్మిదో బార."

అతను నొక్కి చూశాడు. వంచి చూశాడు. "ఏముంది? గట్టిగానే ఉందే."

"లోపల తేడాగా ఉంది."

"తాడు లోపలా, నీ లోపలా?"

నిజానికి ఆ సంగతి ఆమెకే తెలియదు.

"చూడు," అన్నాడు అతను కాస్త మెత్తగా. "రెండు వరసల్లో దింపాలి. వరసకి దిగే తాడొకటి, కాలు జారితే పట్టుకునే తాడొకటి. పొడుగువి ఉన్నవే నాలుగు. ఇది తీసేస్తే ఒక్క వరసే. ఇరవై ఆరుగురు ఎప్పటికి దిగుతారు?"

"అనుమానం వస్తే తీసెయ్యాలనే కదా రూలు."

"అనుమానానికీ ఒక ఆధారం ఉండాలి. ప్రతిదానికీ ఇలా అంటే ఎలా? పోనీ ఓ నాలుగు రోజులు వంటగదిలో ఉండు. రెస్టుగా ఉంటుంది."

గుడ్ల గిన్నె మోసుకుపోతున్న వంటామె ఆగింది. "అంటే పదేళ్ళ నుంచి నేను రెస్టులో ఉన్నానా చీఫ్? ఒక్కరూ చెప్పలేదే!"

అతను నవ్వి, తాడు చుట్టి ఎర్ర సంచీలో వేశాడు. పుస్తకంలో ఏడో నంబరు ఎదురుగా సంతకం పెట్టాడు. తొమ్మిదేళ్ళుగా ఆ పుస్తకంలో ఉన్న సంతకాలన్నీ అతనివే. కిందటేడు ఒకసారి అతనికే ఒక తాడు మీద అనుమానం వచ్చింది. పైన చిన్న గీత కనిపించిందంతే, అక్కడికక్కడే కత్తితో ముక్కలు చేశాడు. పనికిరాని తాడును మరెవరూ పొరపాటున వాడకుండా అలా ముక్కలు చెయ్యడం వాళ్ళ పద్ధతి. శిబిరం యజమాని ఆ ముక్కలు అందరికీ చూపించి, జాగ్రత్తంటే ఇదీ అన్నాడు. అదే అనుమానం. భర్తకు వస్తే దాని పేరు జాగ్రత్త. తనకు వస్తే దాని పేరు దుఃఖం.

మంచు విడిపోయింది. పిల్లలు లేచారు. రోజు ఆమె మీదుగా, నీటి అడుగున ఉన్న రాయి మీదుగా నీరు వెళ్ళినట్టు, వెళ్ళసాగింది. ఇరవై ఆరు శిరస్త్రాణాల పట్టీలు గడ్డాల కింద బిగించింది. జడలు లోపలికి మడిచింది. దొరకని మేజోళ్ళు వెతికింది. పడక తడుపుకున్న ఒక పిల్లాడి స్లీపింగ్ బ్యాగును ఎవరి కంటా పడకుండా వంటగది వెనక ఆరేసి, వాడితో మాత్రం నిన్న వాన పడిందని చెప్పింది. వాడు ఆకాశం వంక చూసి, చాలా వానే పడిందన్నాడు. పిల్లలకు మిగతా అందరూ సార్లు, మేడములు. ఆమె ఒక్కతే ఆంటీ. నోటీసు బోర్డు మీద ఒక్కొక్కరి పని రాసి ఉంటుంది: కొండ, నీళ్ళు, వంట. ఆమె ఎదురుగా "సహాయం" అని ఉంది. ఎవరికి అని లేదు.

భోజనాల దగ్గర అందరి మధ్యా అతను కేకేశాడు: "నా ఎండ క్రీము ఎక్కడ పెట్టావ్?" అది అతని చొక్కా జేబులోనే ఉంది. ఆమె వచ్చి తీసిచ్చింది. పోయిన వారం అత్తగారు ఫోనులో అన్న మాట గుర్తొచ్చింది. "వాడు రోజూ కొండలు దిగుతాడు. నువ్వు కూర్చుని తాళ్ళు తడుముతావు. దానికే అలిసిపోయానంటే ఎలాగమ్మా?" అమ్మ సంగతి ఎత్తినప్పుడు ఆవిడే అన్నది: "పెద్ద వయసు, ఎవరి చేతా చేయించుకోకుండా పోయింది. ఇంకేం కావాలి చెప్పు." నాలుగో రోజే ఆమె పనిలోకి వచ్చేసింది. అరవై మంది వస్తున్నారు, నువ్వు లేకపోతే ఎలా, పనిలో పడితే అన్నీ మరిచిపోతావు అన్నాడు భర్త. పనిలో పడింది. ఏదీ మరిచిపోలేదు. పనిలోనూ లేదు, దుఃఖంలోనూ లేదు. రెంటికీ మధ్య ఎక్కడో తేలుతోంది.

భోజనాలయ్యాక పిల్లలకు ఒక అరగంట విశ్రాంతి. ఆమె పడవల నీడలో పడుకుంది. గులకరాళ్ళు కూడా మెత్తగానే ఉన్నాయి. రెప్పలు వాలగానే సరస్సంతా తెల్లటి దుప్పటై పరుచుకుంది, అటు ఒడ్డు దాకా, ముడత లేకుండా. దాని మీద అమ్మ నడుస్తోంది. అమ్మ ముప్పై ఏళ్ళు ఒక పెద్ద ఆసుపత్రిలో దుప్పట్లు కుట్టింది. ఉతికొచ్చిన దుప్పటిని చేతుల మీద వేసుకుని, బొటనవేలితో అంచు నుంచి అంచుకు వెళ్ళేది. ఎక్కడ చిరగబోతోందో ముందే పట్టుకునేది. "చిరిగాక ఎవరైనా చూస్తారే" అనేది. ఆఖరి రెండు రోజులూ అలాంటి ఒక దుప్పటి మీదే పడుకుంది. కూతుర్ని గుర్తుపట్టలేదు. బొటనవేలు మాత్రం దుప్పటి అంచు వెంబడి వెళ్తూనే ఉంది. ఆగితే, పలచబడిన చోటు దొరికింది కాబోలనుకునేది కూతురు. మళ్ళీ కదిలేది. ఒకసారి ఆగి, మరి కదల్లేదు.

కలలో అమ్మ వంగి నీటిని తడుముతూ వెళ్తోంది. వెనక్కి తిరగలేదు. పిలవాలనుకుంది. గొంతు కూడా మెత్తబడిపోయింది. అమ్మ వేలు వెళ్తోంది, వెళ్తోంది, ఒక్కచోట ఆగింది. అక్కడి నుంచి మళ్ళీ సాగింది.

ఆమె లేచి కూర్చుంది.

పక్కన పెట్టించిన ఆ రెండు తాళ్ళు మొదటి బార నుంచి చివరి బార దాకా మెత్తగానే ఉన్నాయి. అన్నిటిలాగే. ఈ ఉదయం ఏడో నంబరు కూడా అంతే మెత్తగా ఉంది, పద్దెనిమిది బారలు. పంతొమ్మిదోది ఆ మెత్తదనంలో ఇంకో మెత్తదనం. ఇరవయ్యోది మళ్ళీ మామూలే. తన బాధయితే తాడంతటా ఉండాలి. బాధ ఒక్క జానెడు చోట చూసుకుని కూర్చోదు.

కొండ మీదికి దారి నిటారుగా ఉంటుంది. ఆమె పరుగెత్తలేదు గానీ ఎక్కడా ఆగలేదు. పైకి చేరేసరికి పిల్లలు వరసల్లో కూర్చుని ఉన్నారు. తాళ్ళు బండకు కట్టేశారు. పడవలు నేర్పే అమ్మాయి, అందరూ బాతు అని పిలుస్తారు, మధ్యాహ్నాలు ఇక్కడ సాయానికొస్తుంది. ఏడో నంబరు తాడు ఆ అమ్మాయి చేతుల్లోనే ఉంది. దాని రెండో కొస నడుముకు కట్టుకుని, అంచు మీద వీపు శూన్యం వైపు పెట్టి భర్త నిలబడ్డాడు. ఎప్పుడూ ముందు అతనే దిగి చూపిస్తాడు. "భయం ఎక్కడుంటుంది? ఇక్కడ," అని తల మీద వేలు పెట్టుకుంటున్నాడు.

"దిగకు," అంది ఆమె. నలుగురిలో అతన్ని మీరు అనడం అలవాటు. ఆ సంగతి గుర్తు రాలేదు.

"ఏమైంది?"

"ఆ తాడు తీసెయ్యాలి."

అతను పిల్లల వైపు నవ్వు చెదరనివ్వకుండా, పళ్ళ మధ్య నుంచే అన్నాడు. "ఇప్పుడు కాదు. పిల్లల ముందు కాదు."

"దిగేది పిల్లలేగా."

అతను గొంతు పెంచాడు. "పిల్లలూ, ఒక్క నిమిషం. మీ ఆంటీకి ఈ మధ్య కొంచెం..."

"మా అమ్మ చనిపోయింది," అంది ఆమె పిల్లలతో. ఆ వాక్యం ఆమె ఇంతవరకూ ఎవరితోనూ పైకి అనలేదు. అంతకుముందే అందరికీ తెలిసిపోవడం వల్ల అనాల్సిన అవసరం రాలేదు. "ఇరవై రెండు రోజులైంది. నాకేమీ బాగోలేదు. ఈ తాడు కూడా బాగోలేదు. రెండూ నిజమే."

రెండో వరసలో ఒక పిల్ల తరగతిలోలాగా చెయ్యెత్తింది. "అయితే మేము దిగమా?"

"దిగుతారు. ఒక్క వరసలో. ఆలస్యమవుతుంది."

"ఎంత ఆలస్యమైనా పర్లేదు ఆంటీ," అన్నాడు, దిగడం ఇష్టం లేదని మొహంలోనే తెలిసిపోతున్న ఒకడు. పిల్లలు నవ్వారు.

అతను అంచు మీద నుంచి ఒక అడుగు ఇవతలికి వేశాడు. తర్వాత ఇంకొకటి. నడుము దగ్గర ముడి విప్పాడు. ఆమె తాడు లాక్కుని, నిలబడే బారలు లెక్కపెట్టింది. పంతొమ్మిదో దగ్గర చెయ్యి చాపింది. బాతు అడక్కుండానే కత్తి అందించింది. తాడు ఆమె అనుకున్నంత తేలిగ్గా తెగలేదు. రెండు మూడుసార్లు కొయ్యాల్సి వచ్చింది.

తెగిన రెండు కొసలూ అతని చేతిలో పెట్టింది. ఆమె చూడలేదు. అతను పోగులు విడదీసి చూశాడు. కొన్ని తెల్లగా ఉన్నాయి. కొన్ని నలిగి, గోధుమరంగు పొడిలా వేళ్ళకు అంటుకున్నాయి.

"జారినా పట్టుకునేదేమో," అన్నాడు.

"పట్టుకునేదేమో," అంది ఆమె.

పిల్లలు ఒక్కొక్కరే దిగారు. పైన కట్టు దగ్గర ఆమె నిలబడింది. ఒక్కొక్కరి నడుము పట్టీలు తడిమి చూసి, ఊ అంటేనే బాతు తాడు వదిలింది. అలా ఎవరూ ఏర్పాటు చేయలేదు. మొదటి పిల్లకు అలా జరిగింది, మిగతా అందరికీ అలాగే జరిగిపోయింది. కింద బస్సు డ్రైవరు హారన్ మూడుసార్లు మోగించి ఊరుకున్నాడు. ఆఖరి పిల్లాడు దిగేసరికి ఎండ బంగారం రంగు నుంచి బూడిద రంగుకు మారింది.

అందరూ వెళ్ళిపోయాక భర్త తాళ్ళు సంచుల్లో పెడుతున్నాడు. తెగిన ముక్కలు విడిగా పెట్టాడు. తలెత్తకుండా అన్నాడు. "రేపు నలభై మంది. పొద్దున్నే..."

"రేపు నేను రాను."

"ఒంట్లో బాలేదా?"

"ఏడవాలి."

అతను చేతిలో పని ఆపాడు. "ఎన్ని రోజులు?"

"తెలియదు."

"మరి తాళ్ళు?"

ఆమె అంచు దాకా వెళ్ళి కిందికి చూసింది. లోయలో మంచు మళ్ళీ పరుచుకుంటోంది. చాలా లోతుగా ఉంది.

"నేను వచ్చేదాకా ఎవరూ దిగొద్దు," అంది.