రమ్యకు వచ్చిన జలపాతం

కొల్లాపూర్ మామిడితోటలో కావలి పనిచేసే ఇస్రాయేలు కూతురు రమ్యకు కాలేజీ బొమ్మల పోటీలో ఫ్రేము కట్టిన పటం బహుమతిగా వచ్చింది. ఎన్నడో ఒక డచ్ చిత్రకారుడు రాగిరేకు మీద గీసి అచ్చు వేసిన జలపాతానికి నకలు అది. రంగుల్లేవు. నల్లటి గీతల్లోనే బండలు, విరిగిపడిన చెట్టు, నురగలు కక్కుతూ దూకే నీళ్లు.

“మన కృష్ణానది ఊకె నిలవడ్తదమ్మా. నీళ్లు గిట్ల దుంకుడు ఒక్కసారన్న చూడాలె,” అనేది రమ్య.

వానాకాలంలో స్నేహితులు నల్లమలలోని ఒక జలపాతానికి బయలుదేరారు. ఇస్రాయేలు వద్దన్నాడు. ఆయన తోటకు వెళ్లాక తల్లి ప్రేమలత, “పోయిరా బిడ్డా, నాయినకు నేను చెప్త,” అని పంపింది.

రమ్య పాచిబండ మీద జారి మడుగులో పడింది. మర్నాడు శవాన్ని తెచ్చారు.

ప్రేమలత అన్న గోపి వాకిట్లోనే నిలదీశాడు. “గింత వానల పిల్లను ఎవరు పంపిన్రు?”

ప్రేమలత గుమ్మం వెనక్కి జరిగింది. ఇస్రాయేలు ఆమెను చూశాడు.

“నేనే పంపిన బావా.”

ఆ రాత్రి ఆమె ఆయన చేతులు పట్టుకుని ఏడ్చింది. కానీ చర్చిలో, బోరింగు దగ్గర ఆడవాళ్లు ఆయన్ను తిట్టి, ఆమె మీద జాలిపడేవాళ్లు. మొదట తల వంచుకుని వినేది. తర్వాత ఊఁ కొట్టింది. ఆ తర్వాత తానూ తిట్టసాగింది.

రమ్య పోయిన ఏడాదికి ఇంట్లో జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టారు. బంధువుల మధ్యలోంచి ప్రేమలత లేచి గోడ మీది పటం పీకింది.

“పిల్లను మింగినంక గూడ దీన్నే చూసుకుంట కూసుంటడు. నేను వద్దు వద్దన్న, ఇన్నడా? ఈయనే పంపిండు!”

“ప్రేమా...” అన్నాడు ఇస్రాయేలు మెల్లగా.

ఆమె చూపు తిప్పుకోలేదు. ఆ కళ్లలో భయం కోసం, కనీసం సిగ్గు కోసం వెతికాడు. ఏదీ లేదు. ఆనాడు ఆమె కోసం తాను చెప్పిన అబద్ధాన్ని ఆమె పూర్తిగా నమ్మేసింది.

“చెప్పు, మా చెల్లె అబద్ధమాడ్తుందా?” అన్నాడు గోపి.

“లేదు బావా.”

ప్రేమలత విసిరిన పటం వాకిట్లో పడి పగిలింది. అందరూ భోజనాలకు కూర్చున్నారు. ఆయన్ను ఎవరూ పిలవలేదు. ఎవరి కాళ్లకూ గుచ్చుకోకుండా గాజు పెంకులు ఏరి, ఇస్రాయేలు తోట గుడిసెకు వెళ్లిపోయాడు. ఇప్పుడు అక్కడే వండుకుంటున్నాడు.

ఆదివారాలు చర్చిలో ప్రేమలత గట్టిగా ప్రార్థిస్తుంది. “ఆయనను క్షమించే మనసు నాకియ్యి ప్రభువా.”

వెనక వరసలో కూర్చున్న ఇస్రాయేలు అందరితో పాటు ఆమేన్ అంటాడు.