పుష్పావతి మగ్గం ఆగితే

పుష్పావతి మగ్గం గుంతలోకి కాళ్లు దించి, నిన్న వదిలేసిన చోట చీరను వేలితో తడిమి చూసుకుని, అడ్డపోగు మోసే నాడె విసిరింది. మగ్గం టకటకమని అందుకుంది. ధర్మవరంలో ఆ వీధి పొడుగునా అదే చప్పుడు. నలభై దాటిన మనిషి. నడుము వంగడం మొదలైంది. చూపుడువేలి మీద పట్టుదారం కోసిన గీతలు. భర్త మారుతి చీరల మూటతో తెల్లారకముందే హిందూపురం బస్సెక్కాడు. ఎదురుగా గోడవారన మంచం మీద ఆమె నాయన సుంకప్ప, ఆయన చేతిలో ఎప్పటిలాగే రాయి.

ఒకప్పుడు ఆయన రామగిరి బంగారు గనిలో కూలి. గని మూతపడ్డాక కూడా వాన కురిసిందంటే చాలు, వంక వెంట నేల చూసుకుంటూ నడిచేవాడు. భార్య ఉలిగమ్మకు ముక్కుపుడక పాటి బంగారమైనా దొరక్కపోతుందా అని ఆశ. ఉలిగమ్మ పోయింది, పుడక రాలేదు, ఈ రాయి మాత్రం మిగిలింది. ఉమ్మితో తడిపితే అందులో పసుపు చుక్క ఒకటి మెరుస్తుంది. ఆరితే ఉత్త రాయి.

"మోహన్ ఫోన్ జేస్తాడా ఈ పొద్దు?" అన్నాడు సుంకప్ప. పక్కన పెట్టిన రాగిజావ గ్లాసు అలాగే ఉంది.

"చేస్తాడు."

"వానికి బాగా చెప్పు పాపా. చిన్నోడు."

పుష్పావతికి ఒళ్లు మండింది. చిన్నోడట, చిన్నోడు!

మోహన్ మారుతికి తమ్ముడు. అమ్మా నాయనా లేని పిల్లవాణ్ణి ఈ మగ్గం పక్కనే కూర్చోబెట్టి అన్నం పెట్టి పెంచింది తనే. వాడు చూసిన సినిమాల కథలూ, చూడని సినిమాల కథలూ చెబుతుంటే వింటూ నేసేది. కథ పట్టుకుందంటే ఆమె చేతులు వాటంతటవే ఆగిపోయేవి. ఆ సంగతి ఆమెకంటే ముందు వాడే కనిపెట్టాడు. హైదరాబాదులో సినిమా రచయిత అయ్యాక కూడా, కథ రాసే ముందు దాని లైన్, అంటే కథ మొత్తం రెండు ముక్కల్లో, ఫోన్‌లో వదినకు వినిపించాల్సిందే. మగ్గం ఆగితే రాసేవాడు. ఆగకపోతే ఎందుకు ఆగలేదో చెప్పించుకునేవాడు. కథలో మనిషికి ఏం కావాలో ముందు చెప్పమనేది ఆమె. అడ్డం ఎవరు, దొరక్కపోతే ఏం పోతుంది అని అడిగేది. ఒక్క లైన్‌లో నాలుగు పేర్లు ఇరికిస్తే, వీళ్లందరికీ నేను వండిపెట్టాలా అని దులిపేది. అలా దులిపించుకున్న కథలు రెండు బాగా ఆడాయి. అంతా తన బుర్రేనని పేపర్లలో చెప్పుకున్నాడు. చెప్పుకోనీ, దానికి ఆమెకేం బాధ లేదు.

బాధ మూడో సినిమాతో వచ్చింది. ఒకనాడు అన్నం తింటూ నాయన ముక్కుపుడక సంగతి వాడికి చెప్పుకుంది, మనవాడే కదా అని. వాడు దాన్ని పట్టుకుపోయి కామెడీ చేశాడు. తెర మీద ఒక పిచ్చి ముసలాడు. అదే తలగుడ్డ, అదే దగ్గు, రాయిని ఉమ్మితో తడిపి చూసే అదే చూపు. ఇంటిల్లిపాదినీ పిలిచి మరీ సినిమా చూపించాడు. హాలంతా విరగబడి నవ్వుతుంటే సుంకప్ప కూడా కాస్త నవ్వి, రాయి ఉన్న జేబు మీద చెయ్యి కప్పుకున్నాడు. మరునాటి నుంచి టీకొట్టు దగ్గర "తాతా, దొరికిందా?" అని ఒకటే ఎగతాళి. ఆయన వీధిలోకి వెళ్లడం మానేశాడు. అరుగు మీది మంచాన్ని లోపలికి వేయించుకున్నాడు. ఇదేం పనని అడిగితే, పేరేమన్నా పెట్టామా వదినా అని తేలిగ్గా కొట్టిపారేశాడు మోహన్. ఆమె మళ్లీ నోరెత్తలేదు. పగను కడుపులో పెట్టుకుని రోజూ నేసింది.

ఇప్పుడు ఆ పగ తీరే పొద్దు వచ్చింది. వాడి కిందటి సినిమా పడిపోయింది. ఒక నిర్మాత కోట చూడటానికి పెనుకొండ వచ్చాడు. మధ్యాహ్నం మోహన్ ఆయనకు లైన్ చెప్పాలి. నచ్చితే డైరెక్షన్ కూడా వాడికే. నచ్చకపోతే ఇక పిలిచేవాడు లేడు. మంచి లైన్ చెప్పినప్పుడు ఆగకుండా నెయ్యాలి, చెత్త లైన్‌కు ఆపాలి. అంతే పని.

ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టి పక్కన ఉంచింది.

"విను వదినా. పరిగి పక్కన మొగుడు పోయిన ఆడమనిషి. గొర్రెలే ఆమె బతుకు. మందనంతా ఆమె అన్న దొంగగా అమ్మేస్తాడు. అవి కోతకు పోకముందే సంతలో ఒక్కోదాన్ని పేరుతో పిలిచి, అవి తనవేనని ఆమె నిరూపించుకోవాల."

అన్ని వేల గొర్రెల నడుమ ఆమె గొంతు వాటికి వినిపిస్తుందా? పుష్పావతి కాలు తొక్కుడు కట్టె మీద బిగుసుకుపోబోయింది. పళ్లు గిట్టకరిచి తొక్కింది. చీరలో ఒక పోగు తప్పింది. తప్పితే తప్పిందని నేస్తూనే పోయింది.

"మగ్గం ఆగలే," అన్నాడు మోహన్, గొంతు చిన్నబోయి.

"గొర్రెల కత ఎవురు జూస్తారప్పా? ఇంకోటి చెప్పు."

రెండోది చెప్పాడు. సిటీ నుంచి ఒక కుర్రాడు వస్తాడు, ఊరిని పీడించే రౌడీని కొడతాడు, వాడి కూతుర్ని పెళ్లాడతాడు. ఇక ఆపు, ఆపు అని తనకు తనే చెప్పుకుంది పుష్పావతి. అయితే ఇన్నేళ్ల అలవాటు, అంత చప్పిడి మాటకు చేతులు ఆగితేనా! నాడె పోతూనే ఉంది, వస్తూనే ఉంది.

అంతలో మంచం మీది నుంచి రాయి జారింది. నేల మీద దొర్లుకుంటూ వచ్చి మగ్గం గుంతలో పడింది. ఆయన ఏనాడూ దాన్ని జారవిడిచినవాడు కాదు. తలెత్తి చూసింది. నాయన కళ్లు కిటికీ వైపు తెరుచుకుని ఉన్నాయి. నోరు కొద్దిగా తెరిచి ఉంది. ఛాతీ కదలడం లేదు.

మగ్గం ఆగిపోయింది.

"ఆగింది! వదినా, ఆగింది! ఇదే చెప్తా," అని మోహన్ సంబరంగా ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రానికి అంతా ముగిసింది. శ్మశానం నుంచి మగవాళ్లు తిరిగొచ్చి కాళ్లు కడుక్కున్నారు. ప్రాణం పోయిన చోట దీపం వెలుగుతోంది. కబురంది పెనుకొండ నుంచి వచ్చిన మోహన్, మారుతి స్నానానికి వెళ్లేదాకా ఆగి, మగ్గం దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"నిర్మాత లైన్ సగం గూడా వినలేదు వదినా. లేచి కారెక్కినాడు. దానికి మగ్గం ఆగింది గదా?"

"నాయన పోయినాడని ఆగింది, మోహనా."

ఆమె అంతటితో వదల్లేదు. వాడి చెయ్యి పట్టి లాగి, చీరలో పోగు తప్పిన చోట వేలు ఆనించింది.

"నీ గొర్రెల కత ఈడుండాది, చూడు. దానికి ఆగాల్సింది. కావాలనే నేసినా."

వాడు మంచం వైపు చూసి తల దించుకున్నాడు.

"ఇంగ నా మగ్గం ఆగినా నమ్మొద్దు, ఆడినా నమ్మొద్దు," అంది పుష్పావతి.

మోహన్ మంచినీళ్లు కూడా ముట్టకుండా స్టేషన్ వైపు నడిచాడు. కడుపు చల్లబడుతుందనుకుంది ఆమె. అబద్ధమెందుకు, చల్లబడింది కూడా. వానికి బాగా చెప్పు పాపా అన్న మాట మాత్రం ఒక పక్క గుచ్చుకుంటూనే ఉంది. కళ్లొత్తుకుని, దీపంలో నూనె పోసి, గుంతలోకి వంగి చూసింది.

తొక్కుడు కట్టెల నడుమ రాయి పడి ఉంది, ఆరిపోయి, ఊళ్లో ఏ రాయిలాగైనా.