నీళ్ల గడి

ఆరో నంబరు ట్యాంకు పైనుంచి కొలతాయన అంతా చూశాడు. చమురు డిపో గేటు ముందు పోలీసులు ఒక ట్యాంకర్ డ్రైవరుని కిందపడేసి, డీజిలు ఎక్కడ దాచావంటూ కొట్టారు. అతని బండి నాలుగు రోజులుగా ఖాళీగా వరసలో నిలబడి ఉంది. దాచడానికేముంది, వాళ్ల మొహం!

ఎక్కడో పరాయి సముద్రంలో యుద్ధమొచ్చి చమురు ఓడలు ఆగిపోయాయి. దేశంలో ఆసుపత్రి జనరేటరు నుంచి పొలం పంపు దాకా ఆ ఓడల మీదే బతుకు. అయినా తొంభై రోజుల నిల్వ ఉందని, కొరతంతా డ్రైవర్లు దాచెయ్యడం వల్లేనని మంత్రి రేడియోలో రోజూ చెబుతున్నాడు.

ట్యాంకులోకి టేపు దించి మట్టం చూడడం కొలతాయన పని. టేపుకి ఒక ముద్ద పూస్తారు, నీళ్లు తగిలితే అది ఎర్రబడుతుంది. కాగితం మీద రెండు గడులు: మొత్తం మట్టమెంత, అందులో నీళ్లెంత. నిల్వ చూసే కాంట్రాక్టరు మారిన ఏడు, టేపు దాదాపు అంతా ఎర్రబడి వచ్చింది. నీళ్ల గడి ఖాళీగా వదిలెయ్యమన్నాడు మేనేజరు. వదిలేశాడు కొలతాయన మహానుభావుడు, రెండేళ్లుగా కింద సంతకం కూడా పెడుతున్నాడు. అంతకుముందు సమ్మెలో అందరూ గేటు బయటుంటే ఇతనొక్కడే లోపలికి పోయాడు. అప్పటినుంచి డిపోలో పలకరించే దిక్కు లేదు. భార్య పోయాక ఇంట్లోనూ లేదు. ఒక్కోసారి తన గొంతు తనకే కొత్తగా వినిపించేది. ఆ ఒంటరితనం అతన్ని లోపల్నుంచి తినేసింది.

ఆ రోజు ట్యాంకు దిగి తిన్నగా డ్రైవర్ల షెడ్డుకి వెళ్లాడు. బండ్లు తియ్యాలా మానాలా అని అక్కడ మీటింగులో కీచులాడుకుంటున్నారు. ఇతన్ని చూసి అందరూ మొహాలు తిప్పుకున్నారు. ట్యాంకర్లు కడిగే అక్క డిపో కార్మిక సంఘానికి పెద్ద. దారి తప్పావా అని అడిగింది.

“ట్యాంకుల్లో ఉన్నవి నీళ్లమ్మా. పైన మూరెడే డీజిలు.”

“కాగితంలో నిండుగా ఉందే. ఆ సంతకం ఎవరిది?”

“నాదే.”

దెబ్బలు తిన్న డ్రైవరు లేచి అతని కాలరు పట్టుకున్నాడు. కొలతాయన విడిపించుకోలేదు. అక్క మధ్యలోకి వచ్చింది.

“తిట్టుకోడానికి బోలెడు టైముంది. దేశాన్ని ఓడల దయకి వదిలింది పెద్దలు, ఆపదకని దాచినదాన్ని అమ్ముకుంది పెద్దలు. తన్నులు మనకి. అందరికీ చూపిస్తావా?”

చూపిస్తే మొదట జైలుకి పోయేది తనే. అయినా సరేనన్నాడు.

మధ్యాహ్నానికి డ్రైవర్లు, ఆసుపత్రి ఆయాలు, బస్సుల్లేక నడిచొచ్చిన కూలీలు గేటు తోసుకుని లోపలికొచ్చారు. కొలతాయన ఆరో ట్యాంకు అడుగు వాల్వు తిప్పాడు. నీళ్లు దూకాయి. ట్యాంకన్నాక కాస్త తడి ఉంటుందని మేనేజరు నవ్వాడు. గంటైనా నీళ్లు ఆగలేదు. పోలీసుల బూట్లు తడిశాయి. జనం నిలబడి చూశారు.

దేశభద్రతకి ముప్పు తెచ్చాడని కొలతాయనకి బేడీలు వేశారు. ముప్పు ఇతనట! వ్యానులో ఒక మూలకి ఒదిగి కూర్చున్నాడు, ఒక్కడే పోవడం అలవాటే గనక. అంతలో వీపు పట్టుకుని మూలుగుతూ డ్రైవరు తనంతట తానే ఎక్కాడు.

“జరుగు బాబాయ్.”

వెనకే అక్క ఎక్కింది. ఆ తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. తలుపు మూయడానికి పోలీసులు తంటాలు పడుతుంటే, మిగిలినవాళ్లు ఏడో ట్యాంకు వైపు నడిచారు.