ఊరు కట్టిన రోజు

బొడ్రాయి పండుగనాడు మా ఊరిని కడతారు. తెల్లవారగానే ఊరి మొదట్లో వేపమండల తాడు కట్టి, పొలిమేర చుట్టూ పొలి అన్నం చల్లి వచ్చేదాకా ఎవరూ ఊరు దాటకూడదు. దాటితే ఊరికి కీడు. పొలాలున్న రోజుల్లో ఒక్కపూట నాగలి ఆగితే కొంపేమీ మునిగేది కాదు. ఇప్పుడు ఆ పొలాల్లో ప్లాట్ల రాళ్లున్నాయి. ఆరింటికల్లా జనమంతా శంషాబాద్‌కో షాద్‌నగర్‌కో డ్యూటీలకు బస్సెక్కుతారు.

తాడు కట్టే పని ముత్తయ్యది, తాతలనాటి నుంచి. కొడుకు పోయి మూడేళ్లు. ఇల్లు నడిచేది కోడలు రేఖ జీతంతోనే. ఎయిర్‌పోర్ట్ దారిలో నేను పనిచేసే గోదాములోనే ఆమెది ఊడ్చే పని. ఆ నెలలో పిల్లకు జ్వరమొచ్చి రెండు నాగాలు పెట్టింది. మూడోది పెడితే ఇక రావద్దని సూపర్‌వైజర్ హరిప్రసాద్ ముందే చెప్పాడు.

తాడు కట్టకముందే వెళ్లిపోతానని రేఖ మామను బతిమాలింది. ముత్తయ్య ఒప్పుకోలేదు. కట్టేవాడి ఇంట్లోవాళ్లే దాటిపోతే ఊరు ఆగుతుందా అన్నాడు. అందరూ ఆగితే ఆ సూపర్‌వైజర్ ఎంతమందిని తీసేస్తాడని ధైర్యం చెప్పాడు. ఊరు దాటకుండా ఆగుతామని పంచాయతీ దగ్గర అందరం తలలూపాం మరి. నేనూ ఊపాను.

ఊపినవాళ్లం ఏం చేశామో చెప్పాలంటే సిగ్గేస్తోంది. ముందురోజు సాయంత్రం నుంచే ఒక్కొక్కరం జారుకున్నాం. మా ఊరి నిసార్ ఆటోలో ఆరుగురం తుక్కుగూడ పోయాం. నేను మా అక్క ఇంట్లో పడుకున్నాను. మిగిలినవాళ్లు తెల్లవారకముందే బళ్లు స్టార్ట్ చేయకుండా పొలిమేర దాకా తోసుకుపోయారట. నా ఒక్కడితో ఏమవుతుందిలే అని ఎవరికి వాళ్లం అనుకున్నాం.

ముత్తయ్య తాడు కట్టి డప్పు కొట్టిస్తే వచ్చింది నలుగురు ముసలివాళ్లు. మిగతావాళ్లు ఇళ్లలోనే ఆగారనుకున్నాడట. వాళ్లతోనే పొలిమేర తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. అప్పటిదాకా రేఖ యూనిఫాం వేసుకుని గడప మీదే కూర్చుందని వాళ్ల పక్కింటి జంగమ్మ చెప్పింది.

మర్నాడు పొద్దున గోదాము గేటు దగ్గర రేఖను ఆపేశారు. ముత్తయ్య కూడా వెంట వచ్చాడు. ఊరంతా ఆగిందనీ, తన కోడలి తప్పేమీ లేదనీ హరిప్రసాద్‌కు చేతులు జోడించి చెప్పాడు.

"మీ ఊరివాళ్లు పదిహేడు మంది నిన్న డ్యూటీకి వచ్చారండీ. మీ ఇంట్లోనేనా పండగ?" అన్నాడు హరిప్రసాద్.

రేఖ ఏడవలేదు.

"ఊరు నన్ను ఆపలే మామా. నువ్వొక్కనివే ఆపినవ్," అంది.

ముత్తయ్య గేటు ముందు వరుసలో నిలబడ్డ మా మొహాలు ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాడు. నా దగ్గరికొచ్చేసరికి తిడతాడేమో అనుకున్నాను. తిడితే బాగుండేది. ఏడింటి డ్యూటీకి టైమవుతోంది. తల దించుకుని ఆయన పక్కనుంచే లోపలికి పోయాను.